ఆసుపత్రి ఊడవటం అవసరమైన పని కాదట!

(పల్లె సభలో ఆసుపత్రి పారిశుధ్య, వార్డు పనివాళ్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పొలాల నుంచి వచ్చి ఇంకా కూడు కూడా తినకుండా కూర్చున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని డొంకతిరుగుడు లేకుండా చెప్తాం. ఇది ఒక్క మనిషి మాట కాదు. జిల్లా ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లం, బాత్రూములు కడిగేవాళ్లం, స్ట్రెచర్లు తోసేవాళ్లం, మార్చురీలో చేసేవాళ్లం రెండు రాత్రుళ్లు కూర్చుని అనుకున్న మాటలివి. రాయటం వచ్చినవాళ్లు రాసిపెట్టారు, మేం చెప్తున్నాం.

ముందుగా, ఎందుకొచ్చామో చెప్పాలి. మా ఆసుపత్రిలో పారిశుధ్యం టెండరు మారుతోంది. పాత ఏజెన్సీ పోతుంది, కొత్త ఏజెన్సీ వస్తుంది. కొత్త ఏజెన్సీ తాలూకు మనుషులు మోటారు సైకిళ్లేసుకుని పల్లెపల్లెకీ తిరుగుతున్నారు. ‘ఆసుపత్రిలో ఉద్యోగాలున్నాయి, ఆధార్ కార్డు, రెండు ఫోటోలు, కొంచెం ఖర్చు’ అంటున్నారు. ఈ పల్లెకీ వచ్చారని తెలిసింది. కొందరు తమ్ముళ్లు ఫోటోలు ఇచ్చారనీ తెలిసింది. వాళ్లతో తగువు పెట్టుకోవటానికి రాలేదు మేము. వాళ్లెవరు? మన పిల్లలే. అయితే వాళ్లు అమ్ముతున్న ఉద్యోగాలు ఖాళీగా లేవు. వాటిలో మేమున్నాం. ఎనిమిదేళ్లు, పన్నెండేళ్లు, పదిహేనేళ్లుగా అదే వార్డులో, అదే బకెట్టుతో ఉన్నవాళ్లం. మమ్మల్ని తీసెయ్యాలంటే మీ పిల్లలు కావాలి. రేపు మీ పిల్లల్ని తీసెయ్యాలంటే ఇంకో పల్లె పిల్లలు కావాలి.

పేపరు తీస్తే ఆరోగ్యరంగంలో సిబ్బంది కొరత, సిబ్బంది కొరత అని రాస్తారు. డాక్టరు పోస్టులు ఖాళీ, స్పెషలిస్టులు లేరు, నర్సులు చాలరు. అది నిజమే. ఆ కొరత దెబ్బ తగిలేది కూడా మనకే. కలిగినవాడు కారెక్కి కార్పొరేట్ ఆసుపత్రికి పోతాడు. మనం ప్రైమరీ హెల్త్ సెంటరు అరుగు మీద కూర్చుని డాక్టరమ్మ కోసం ఎదురు చూస్తాం. కాబట్టి డాక్టర్లను వెయ్యమని మనమూ గట్టిగా అడగాల్సిందే. కానీ ఆరోగ్య సిబ్బంది అని లెక్క తీసేటప్పుడు వాళ్లు ఎవర్ని లెక్కిస్తారు? డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియను. ఆపరేషన్ థియేటర్లో రక్తం తుడిచే చెయ్యి ఆ లెక్కలోకి రాదు. ఆ చెయ్యి ఒక్కపూట రాకపోతే ఏమవుతుందో చెప్తాం, వినండి.

పొద్దున్నే ఆరింటికి కాన్పుల వార్డు. రాత్రి పురుళ్ల తాలూకు గుడ్డలు, మాయ, రక్తం, ఉచ్చ. అవి ఎత్తి, మందు నీళ్లతో కడిగితేనే ఇంకో తల్లిని ఆ బల్ల మీద పడుకోబెడతారు. థియేటరు కడగందే మొదటి ఆపరేషను మొదలుకాదు. పెద్ద సర్జను గారు గౌను తొడుక్కుని నిలబడాల్సిందే. ఆక్సిజన్ సిలిండరు తోసేది మేము. కాలు విరిగినవాణ్ణి ఎక్స్‌రేకి తీసుకుపోయేది మేము. పక్షవాతం వచ్చి పక్కలోనే దొడ్డికి పోయే ముసలాయన్ని కన్నకొడుకు ముక్కు మూసుకుని దూరంగా నిలబడితే, పక్క మార్చేది మేము. చచ్చిపోతే మార్చురీకి తోసేదీ మేమే. పుట్టేటప్పుడు, చచ్చేటప్పుడు మా చెయ్యి లేకుండా ఈ ఆసుపత్రిలో ఒక్క మనిషి పని జరగదు.

దీనికి చరిత్ర ఉంది. మన పల్లెల్లో కాన్పులు చేసిందెవరు? మాల, మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్లు. నొప్పులొస్తే అర్ధరాత్రి దొర ఇంటి నుంచి కబురొచ్చేది. అప్పుడు అంటు లేదు, ముట్టు లేదు. పెరటి తలుపు తీసి లోపలికి రానిచ్చేవాళ్లు. బొడ్డు కోసి, మాయ పాతిపెట్టి, బిడ్డకు నీళ్లు పోసిందాకా మంత్రసాని అమ్మలాంటిది. పురుటి స్నానం అయిపోయి ఇల్లు శుద్ధి చేసుకున్నాక ఆ మంత్రసాని గడప ఎక్కరాదు! ఇక్కడున్న ముసలమ్మల్ని అడగండి, చెప్తారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, జననీ సురక్షా యోజన వచ్చింది, కాన్పులు ఆసుపత్రిలోనే కావాలన్నారు. మంచిదే. తల్లులు బతకాలి, బిడ్డలు బతకాలి. పాతరోజులే మేలని మేం అనటంలేదు. కానీ ఆ మంత్రసాని కూతుర్ని ఆసుపత్రిలోకి ఎలా రానిచ్చారు? ఆయా పోస్టిచ్చి రానిచ్చారా? లేదు. కాంట్రాక్టరు చేతికింద చీపురిచ్చి రానిచ్చారు. ఇదీ ఒక పెరటి తలుపే.

నర్సు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. రక్తం, చీము ముట్టుకునే పని, పరాయి మగాడి ఒళ్లు తుడిచే పని అని మొదట్లో పెద్దకులాల వాళ్లు తమ ఆడపిల్లల్ని ఈ పనికి పంపలేదు. 1883లో గుంటూరొచ్చిన మిషనరీ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో తెల్లచీర కట్టుకుని నిలబడ్డ ఆడపిల్లల్లో మన క్రైస్తవ పల్లెల నుంచి పోయినవాళ్లు ఎందరో. ఆ నర్సమ్మల జీతంతో చదువుకున్న కుటుంబాలు కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఏమైంది? నర్సుకి సర్కారు జీతం వచ్చింది, గల్ఫుకీ ఇంగ్లండుకీ పోయే దారి దొరికింది. అప్పుడు అన్ని కులాల పిల్లలూ నర్సింగు కాలేజీల్లో చేరారు. రండి, సంతోషం. కానీ మైల ఎటు పోయింది? జీతం పెరిగితే మైల పోతుందన్నమాట! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికొస్తాం.

మార్చురీ సంగతి చెప్పాలంటే కొంచెం కష్టంగా ఉంటుంది, ఇక్కడ చిన్నపిల్లలున్నారు. క్లుప్తంగా చెప్తాం. పోస్టుమార్టం రిపోర్టు మీద డాక్టరు సంతకం ఉంటుంది. కాయితం చూస్తే ఆయనే కోసినట్టు. చాలాచోట్ల కోసేదీ, కుట్టేదీ మనవాడు. డాక్టరుగారు నాలుగడుగుల దూరాన నిలబడి చెప్తుంటే మనవాడు చేస్తాడు. అందరు డాక్టర్లూ అలా అని కాదు, చేతులు పెట్టి చేసేవాళ్లనీ చూశాం. కానీ మనవాడు చేసే ఆ పనికి ఒక చదువు, ఒక సర్టిఫికెట్టు, ఒక హోదా ఏమన్నా ఇచ్చారా? ఇవ్వరు. సాయంత్రానికి మందు తాగందే అన్నం నోట్లోకి పోదు వాడికి. ‘తాగుబోతు’ అని మాత్రం పేరు పెడతారు.

ఇప్పుడు అసలు విషయం. ఒకప్పుడు ఈ పనులన్నిటికీ నాలుగో తరగతి పోస్టులుండేవి. స్వీపరు, తోటీ, ఆయా, వార్డుబాయ్. జీతం తక్కువే అయినా సర్వీసు పుస్తకం ఉండేది, పింఛను ఉండేది. రోస్టరు ఉండేది. మన తండ్రుల్లో కొందరు ఆ చిన్న పోస్టు మీదే పిల్లల్ని డిగ్రీదాకా చదివించారు. 1994 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రుల కోసం ప్రపంచ బ్యాంకు అప్పొచ్చింది. కొత్త బిల్డింగులొచ్చాయి, సామాన్లొచ్చాయి. ఆ కాలం నుంచే ఊడ్చే పని, కాపలా పని బయటి కాంట్రాక్టర్లకు పోవటం మొదలైంది. రిటైరైన స్వీపరు స్థానంలో ఇంకో స్వీపరు రాలేదు. ఎవర్నీ తియ్యలేదు, ఎవరూ గోల చెయ్యలేదు. పోస్టు మాత్రం చచ్చిపోయింది.

ఆ తర్వాత చట్టానికే చెయ్యి పెట్టారు. ఈ సంగతి మన కార్యకర్తలు కూడా చాలామందికి తెలీదు, అందుకని నిదానంగా చెప్తాం. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. నియంత్రణ, రద్దు అని రెండు మాటలూ దాని పేరులోనే ఉన్నాయి. ఏడాది పొడుగునా సాగే పనిలో, మామూలుగా పర్మనెంటు మనుషులు చెయ్యాల్సిన పనిలో, కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించవచ్చని అందులో పదో సెక్షను చెప్పింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించింది. ‘కోర్ యాక్టివిటీ’ అని కొత్తమాట తెచ్చింది. అంటే అసలు పని. ఒక సంస్థను ఏ పని కోసం పెట్టారో అది అసలు పని, దానికి అవసరమైన పని కూడా అసలు పనే. అసలు పనిలో కాంట్రాక్టు కూడదు. ఇంతవరకూ బాగానే ఉంది గదా? మెలిక కిందుంది. ఆ సంస్థను ప్రత్యేకంగా వాటికోసమే పెట్టి ఉండకపోతే ఫలానా పనులు ‘అవసరమైనవి’గా లెక్కకు రావు అని ఒక జాబితా రాశారు. ఆ జాబితాలో ఒకటో నంబరు ఏంటో తెలుసా? పారిశుధ్యం. ఊడవటం, కడగటం, దుమ్ము దులపటం, అన్నిరకాల చెత్త ఎత్తి పారబొయ్యటం. తర్వాత కాపలా. క్యాంటీను. సరుకు ఎత్తటం, దించటం. తోటపని. బట్టలుతకటం. అంబులెన్సుతో సహా బండ్లు తోలటం.

మాలో ఒక పిల్ల ఆ జాబితా పైకి చదువుతుంటే మేమంతా నోరెళ్లబెట్టాం. అది చట్టం జాబితాలాగా లేదు, మన ఊరి జాబితాలాగా ఉంది. ఊడ్చేవాడు, కాపలా కాసేవాడు, మూటలు మోసేవాడు, బట్టలుతికేవాడు! ఊరికి వీళ్లందరూ కావాలి. ఊళ్లో మాత్రం వీళ్లకి చోటు లేదు. హైదరాబాదు అసెంబ్లీలో కూర్చుని మనువు రాసినట్టే రాశారు, కులం పేరు ఒక్కటీ ఎత్తకుండా.

అక్కడితో ఆగలేదు. 2020లో పార్లమెంటు పనివాళ్ల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల మీద ఒక కోడు చేసింది. మన రాష్ట్రం రాసిన ఆ జాబితాలో పనులే అందులోకీ ఎక్కాయి. ఒకటో నంబరు అదే, పారిశుధ్యం. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడు అమల్లోకి వచ్చింది, 1970 చట్టం రద్దయింది. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు పనివాళ్లుంటే వర్తించేది. కొత్త కోడు 50 మంది ఉంటేగానీ కాంట్రాక్టు పనివాళ్ల రక్షణల జోలికి రాదు. నలభై తొమ్మిది మందికో టెండరు చొప్పున ముక్కలు చేస్తే మన గతేంటి? ఇది మేం అడిగే ప్రశ్న. జవాబు చెప్పే ఆఫీసరు ఇంతవరకూ మాకు దొరకలేదు.

ఆసుపత్రిని వైద్యం కోసం పెట్టారు, ఊడవటం కోసం పెట్టలేదు, కాబట్టి ఊడవటం వైద్యానికి అవసరం కాదు. చట్టం లాజిక్కు ఇదీ! 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుండేవాడు. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని ఆయన కనిపెట్టాడు. మందు నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. కడుక్కుంటే బాలింతల చావులు ఎంతగానో పడిపోయాయి. ఆయన చెప్పింది అప్పటి పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు, అది వేరే కథ. ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకుంటుంది. శుభ్రం అంటే వైద్యానికి అలంకారం కాదు, అది వైద్యమే. మరి డాక్టరు చెయ్యి కడుక్కుంటే వైద్యం, మేం బల్ల కడిగితే అవసరం కాని పనా?

పోస్టు పోవటంతో పాటు రిజర్వేషన్ పోయింది. పర్మనెంటు పోస్టుకి రోస్టరు ఉంటుంది. ఏజెన్సీ వాడికి రోస్టరు ఎక్కడిది? వాడు సర్కారు కాదంటాడు. సర్కారేమో వాళ్లు మా మనుషులు కాదంటుంది. కానీ ఒక వింత చూడండి. రిజర్వేషన్ లేకపోయినా చీపురు దగ్గర నూటికి తొంభైమంది మనమే కనబడతాం. అక్కడ మనతో పోటీకి ఎవరూ రారు, మెరిట్ పోయిందని ఎవరూ ధర్నా చెయ్యరు. మాల మాదిగల వాటాల గురించి మనలో మనం వాదించుకుంటున్నాం. అది తేలాల్సిందే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది కూడా. అయితే పంచుకోవటానికి పోస్టు ఉండాలి గదా? ఇటు మనం వాటాలు వేసుకుంటుంటే అటు పళ్లెం కింద నుంచి పళ్లెమే లాగేస్తున్నారు.

కాంట్రాక్టు పద్ధతిని మన పెద్దవాళ్లు పాలేరుతనంతో పోలుస్తారు. పోలిక సగమే కుదురుతుంది. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు ఏడాది దాటితే దొరను మార్చుకోవచ్చు, అప్పు లేకపోతే. మాకు దొరలు మారతారు, మేం అదే వార్డులో ఉంటాం. టెండరు మారినప్పుడల్లా మా సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. గ్రాట్యుటీ అడిగితే ‘మా దగ్గర నువ్వు చేరి రెండేళ్లే గదా’ అంటాడు కొత్తవాడు. పాతవాడు ఫోను ఎత్తడు. పీఎఫ్‌లో మన వాటా ఎంతో వాడి వాటా అంత కట్టాలి. రెండు వాటాలూ మన జీతంలోనే కోసినవాణ్ణి మేం చూశాం. ఈఎస్‌ఐకి 2019 జులై నుంచి మన జీతంలో నూటికి ముప్పావలా పట్టుకోవాలి, యజమాని మూడుంబావలా కట్టాలి. మా దగ్గర పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది, ఆసుపత్రికి పోతే కార్డు పనిచెయ్యదు. ఆసుపత్రిలో పనిచేసేవాడికి ఆసుపత్రి లేదు!

పైగా టెండరంటే మంచానికి ఇంత అని లెక్కగడతారు. మంచాల లెక్కన డబ్బొస్తుంది, మనుషుల లెక్కన ఖర్చవుతుంది. మరి లాభం ఎక్కడుంది? మనుషుల్ని తగ్గించటంలో ఉంది. కాయితం మీది పేర్లకూ వార్డులో కనబడే మనుషులకూ పొంతన ఉండదు. ఇద్దరి పని ఒకామె చేస్తుంది, మూడో మనిషి జీతం ఎవరో తింటారు. సిబ్బంది కొరత ఎక్కడ పుడుతోందని పెద్ద పెద్ద మీటింగులు పెట్టుకుంటారు గదా, ఇక్కడ పుడుతోంది.

ఆ తొందరలోనే సూది గుచ్చుకుంటుంది. ఆసుపత్రి చెత్తకి రంగుల సంచులుంటాయి. రక్తం అంటిన గుడ్డలు, శరీర భాగాలు పసుపు దాంట్లో. ప్లాస్టిక్ గొట్టాలు ఎర్రదాంట్లో. సూదులు, బ్లేళ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు నీలం దాంట్లో. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు ఇవి. పసుపు సంచిలో సూది ఉండకూడదు. కానీ ఉంటుంది. మాలో ఒకామె సంచి మూతి కడుతుంటే అరచేతిలోకి దిగింది. సూపర్‌వైజరు ‘సబ్బేసి కడుక్కో, పని చూడు’ అన్నాడు. ఏ రోగికి వాడిన సూదో తెలీదు. ఆమె మూడు నెలలు మొగుడికి చెప్పలేదు, నిద్రపోలేదు.

ఇక్కడ ఆసుపత్రి పనికి పోయేవాళ్లెవరున్నా ఇది మాత్రం చెవిన పెట్టుకోండి. సూది గుచ్చుకుంటే సబ్బూ నీళ్లతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి. వెంటనే క్యాజువాలిటీకి పోయి రాయించండి. హెచ్‌ఐవీ రాకుండా మందులున్నాయి. రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. నిజానికి సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ వచ్చేది వెయ్యిలో ముగ్గురికి. అసలు భయపడాల్సింది కామెర్ల జబ్బు హెపటైటిస్ బికి. టీకా లేనివాళ్లకి వందలో ముప్ఫైమంది దాకా రావచ్చు. దానికి టీకా ఉంది, మూడు డోసులు. చెత్త ఎత్తే ప్రతి మనిషికీ ఆ టీకా, ధనుర్వాతం టీకా వేయించాలనీ, చేరేటప్పుడూ తర్వాత ఏటా ఒకసారీ ఆరోగ్య పరీక్ష చేయించాలనీ ఆ 2016 నియమాల్లోనే ఉంది. బాధ్యత ఆసుపత్రి పెద్దది. కాంట్రాక్టు మనుషులకి వద్దని అందులో ఎక్కడా లేదు. మాలో మూడు డోసులూ పడినవాళ్లని లెక్కపెట్టటానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువ.

ఆశా అక్కలు ఇక్కడ ఇద్దరు కూర్చున్నారు. వాళ్లు మాకంటే వివరంగా చెప్పగలరు, మేం ఒక్కముక్క అంటాం. 2005 నుంచి వాళ్లని ‘స్వచ్ఛంద కార్యకర్త’ అంటున్నారు. అంటే పనివాళ్లు కాదు, కాబట్టి జీతం కాదు, పారితోషికం. 2015లో తెలంగాణలో ఆశాలు వంద రోజులు దాటి సమ్మె చేశారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది. ప్రపంచం ఆరోగ్య నాయకురాలు అంది, మన సర్కారు పనిమనిషి అని కూడా అనలేదు.

కరోనాలో ఏం జరిగిందో మీకు తెలుసు. 2020 మార్చి 22న పళ్లేలు మోగించారు. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. ఆ పూలరేకులు ఊడ్చిందెవరనుకుంటున్నారు? కరోనా డ్యూటీలో చచ్చిపోతే 50 లక్షల బీమా అన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రకటనలో సఫాయి పనివాళ్లూ ఉన్నారు, వార్డుబాయ్‌లూ ఉన్నారు, కాంట్రాక్టు మనుషులూ ఉన్నారు. కానీ ఆ వార్డులో డ్యూటీ చేశావని కాయితం కావాలి. హాజరుపట్టీ ఏజెన్సీ వాడి సంచిలో ఉంటే ఆ కాయితం ఎవరిస్తారు? 2024 ఆగస్టులో కలకత్తాలో ఒక జూనియరు డాక్టరమ్మను ఆసుపత్రిలోనే చెరిచి చంపారు. దేశం భగ్గుమంది, భగ్గుమనాలి. సుప్రీంకోర్టు ఒక టాస్క్‌ఫోర్సు వేసింది. పేరున్న డాక్టర్లను వేశారు. రాత్రి డ్యూటీలో గేటు బయటి చీకట్లోకి చెత్తబండి తోసుకుపోయే ఆడమనిషి ఆ బల్ల దగ్గర లేదు.

ఇక కోర్టుల సంగతి. కొందరు వకీళ్లు మనకు ఆశ చూపిస్తారు, కొందరు భయపెడతారు. రెండూ నమ్మొద్దు. 2001లో ఉక్కు సంస్థ కేసులో సుప్రీంకోర్టు కాంట్రాక్టు నిషేధించినంత మాత్రాన పనివాళ్లు వాటంతటవే పర్మనెంటు కారని చెప్పింది. అయితే కాంట్రాక్టు బూటకమని తేలితే మాత్రం వాళ్లు అసలు యజమాని మనుషులేనంది. 2016 అక్టోబరులో పంజాబు కేసులో తాత్కాలిక ఉద్యోగులకైనా సమాన పనికి సమాన వేతనం అంది. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో కేంద్ర జలసంఘంలో ఏళ్లతరబడి ఊడ్చిన, తోటపని చేసిన వాళ్లని పర్మనెంటు చెయ్యమంది. ఆ తీర్పు మనకు బలమే. కానీ వాళ్లను ఆ ఆఫీసు నేరుగా పెట్టుకుంది. మనకూ ఆసుపత్రికీ నడుమ ఏజెన్సీ అనే గోడ కట్టి ఉంచారు. ఆ గోడ కాయితం గోడేనని మనమే చూపించాలి. ఎలా? మనకి పని చెప్పేదెవరు? హెడ్ నర్సు. సెలవు అడిగేది ఎవర్ని? ఆర్‌ఎంఓని. ఆ డ్యూటీ చార్టులు, ఆ సంతకాలు ఫోన్లో ఫోటో తీసి దాచుకోండి. రిజర్వేషన్లో చదివి డాక్టర్లయిన మన తమ్ముళ్లు, నర్సులైన మన చెల్లెళ్లు ఆసుపత్రుల్లో ఉన్నారు. వాళ్లని అడగండి. సూది గుచ్చుకున్న రిజిస్టర్లో ఒక సంతకం పెట్టటం వాళ్లకి పెద్దపని కాదు.

నిన్న రాత్రి ఉద్యమంలో పాతకాపు ఒకన్న మమ్మల్ని నిలదీశాడు. ‘మనం చీపురు పారెయ్యమని పోరాడాం. మీరేమో చీపురు పర్మనెంటు చెయ్యమంటున్నారు. ఇదేం ఉద్యమం?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మా పిల్లలు చీపురు పట్టాలని మాలో ఒక్కరికీ లేదు. కానీ అన్నా, ఆసుపత్రి ఎవరో ఒకరు కడగాలి. కడగకపోతే మన ఆడవాళ్లే చీముపట్టి చస్తారు. కాబట్టి పని పోదు. పోవాల్సింది ఆ పనికి అంటగట్టిన కులం. అది ఎలా పోతుంది? నర్సు పనికి ఎలా పోయిందో ఇందాక చెప్పుకున్నాం. పర్మనెంటు పోస్టివ్వండి, గ్లోవ్సులు, బూట్లు, మిషన్లు ఇవ్వండి, నేర్పించి సర్టిఫికెట్టివ్వండి, ఒక గుమాస్తాకిచ్చే జీతం ఇవ్వండి. అప్పుడు చూద్దాం, ఆ పోస్టుకి ఎన్ని కులాల వాళ్లు దరఖాస్తు పెడతారో! చీపురు చవగ్గా ఉన్నన్నాళ్లు అది మన చేతిలోనే ఉంటుంది. బాబాసాహెబు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మికశాఖ చూశాడు. పనిగంటలు, సెలవులు, కనీస వేతనం అంటూ కొట్లాడాడు. పనివాడికి చట్టం కావాలనటం, కులం పోవాలనటం ఆయనకు రెండు వేరు ఉద్యమాలు కావు.

ఇప్పుడు మీ దగ్గర మేం అడిగేది. తీసేసిన మనిషి స్థానంలోకి మన పల్లె నుంచి ఎవరూ పోవద్దు. కొత్తగా మంచాలు పెంచి కొత్త మనుషుల్ని తీసుకుంటే పొండి, మేమే రమ్మంటాం. పోయేవాళ్లు డబ్బు ఇవ్వకండి. ఇచ్చినవాళ్లు ఎవరికిచ్చారో చెప్పండి. నియామక పత్రం అడగండి. ప్రతి మనిషికీ అది ఇవ్వాలని కొత్త కోడులోనే ఉంది. మన మీద రాసిన కోడే అయినా మనకు పనికొచ్చే ముక్కలు అందులో ఉన్నాయి, వాటిని వాడుకుందాం. పాత ఏజెన్సీ పోయేముందు అనుభవ పత్రం అడగాలి, అడిగితే ఇవ్వాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆసుపత్రి చెల్లించాలి, అదీ ఉంది. నెల జీతం పై నెల ఏడో తారీఖులోపు పడాలి.

కార్యకర్తలకి ఇంకో పని. సమాచార హక్కు చట్టం కింద టెండరు ఒప్పందం కాపీ అడగండి. ఎంతమంది మనుషులని రాశారు, ఒక్కొక్కరికి ఎంత జీతమని రాశారు, పీఎఫ్ కట్టిన చలాన్లు ఏవి. ఈ మూడూ వేరువేరుగా రాయండి, కలిపి రాస్తే ఒకదానికి జవాబిచ్చి తక్కినవి మింగేస్తారు. పది రూపాయలు ఫీజు. తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్డు జిరాక్సు పెడితే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

మేం వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటి నుంచి ఆసుపత్రి వెనక గేటు దగ్గర చింతచెట్టు కింద ఉంటాం. దరఖాస్తులు రాసిపెట్టటానికి ఇద్దరు చదువుకున్న పిల్లలు వస్తారు. పాత గుర్తింపు కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు, ఎప్పటిదైనా జీతం చీటీ ఉంటే అది, చిరిగిపోయినా సరే, పట్టుకురండి. ఫోటోలు ఇచ్చిన తమ్ముళ్లు కూడా రండి, మీ పేర్లు బయటపెట్టం.

జై భీమ్.